తాతల నాటి డబుల్ బ్యారెల్‌కు కాపలా: అబిడ్స్ వైపు ఒక ఆయుధాల షాపు, ఐదుకు నాలుగు స్టార్లు

హైదరాబాద్‌లో అబిడ్స్ వైపు ఒక పాత ఆయుధాల షాపు ఉంది, లైసెన్సు ఉన్న షాపే. వాళ్లు తుపాకులు ఎట్లా అమ్ముతారో నాకు తెలియదు, కొనలేదు. మన తుపాకీని వాళ్ల దగ్గర భద్రంగా పెట్టుకునే సర్వీసు ఒకటి ఉంది, ఈ రివ్యూ దాని గురించి. షాపు పేరు రాయడం లేదు. పై అంతస్తు నిండా జనాల తుపాకులున్న చోటు అడ్రసు నలుగురికీ పంచడం ఎందుకమ్మా అని ఓనరే అన్నారు. నాకూ సబబే అనిపించింది. నిజంగా అవసరం ఉన్నవాళ్ల చేతిలో లైసెన్సు పుస్తకం ఉంటుంది, అది పట్టుకుని అటువైపు పోయి అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా ఊరు నల్లమల అంచున. తుపాకుల మీద నాకు మోజేమీ లేదు. తాత కొన్న 12 బోర్ డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ ఒకటి నాయిన చేతికి వచ్చింది. అడవిపందుల మంద వేరుశనగ చేలో పడ్డ రాత్రి గాలిలోకి పేల్చడానికీ, దసరా నాడు జమ్మిచెట్టు దగ్గరికి తీసుకుపోయి పసుపు కుంకుమ పెట్టడానికీ తప్ప అది ఇంకోదానికి పనికొచ్చినట్టు నాకు గుర్తులేదు. 2021లో నాయిన పోయాడు.

దినాలు అయ్యేదాకా దాని ఊసే ఎవరికీ లేదు. గుర్తొచ్చాక టెన్షన్ మొదలైంది. లైసెన్సు ఇచ్చేది మనిషికి. ఆ మనిషి లేకపోతే బీరువా వెనక ఉన్న తుపాకీకి ఇంట్లో ఎవరి పేరుతోనూ కాగితం లేనట్టే. అప్పుడు దాన్ని దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ అప్పజెప్పాలని ఆయుధాల చట్టం 21వ సెక్షన్ చెప్తుంది. అప్పజెప్పకుండా ఉంచుకుంటే 25వ సెక్షన్. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని మామూలు తుపాకీకి కూడా తక్కువలో తక్కువ రెండేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఐదేళ్లు జైలు. మా వైపు ఎన్ని ఇళ్లల్లో అటకల మీద ముసలాయన తుపాకీ గోనెసంచిలో చుట్టి ఉందో తలుచుకుంటే భయమేస్తుంది. భయపడ్డవాళ్లలో కొందరు ఏం చేస్తారో ముందుకు చెప్తాను.

తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. "అమ్మేసెయ్ అక్కా, ఎందుకా తలనొప్పి" అన్నాడు. అమ్మ ససేమిరా అంది. చివరికి వారసురాలిగా నా పేరు మీదే లైసెన్సుకు పెట్టుకున్నాం. 2016 ఆయుధాల నిబంధనల్లో దానికి వీలుంది. ఇంకో సంగతి కూడా అందులో ఉంది. యజమాని పోయేదాకా ఆగక్కర్లేదు. ఆయనకు డెబ్బై ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర పాతికేళ్లుగా ఉన్నా, బతికుండగానే తను చెప్పిన వారసుడి పేరు మీదికి ఇమ్మని అడగొచ్చు. మీ ఇంట్లో పెద్దాయన ఉండి, ఆయనకో తుపాకీ ఉంటే ఈ ముక్క ఆయన చెవిన వేయండి. మాకు ఎవరూ చెప్పలేదు. పోలీసు విచారణ, డాక్టర్ సర్టిఫికెట్, తుపాకీ వాడటంలో శిక్షణ అన్నీ అయ్యాక లైసెన్సు వచ్చింది. శిక్షణలో పేల్చిన తూటాలకు కుడి భుజం రెండు వారాలు బోర్డు మీద చాక్‌పీసు ఎత్తనివ్వలేదు.

లైసెన్సు చేతికొచ్చినా తుపాకీ ఇంటికి రాలేదు, ఇక రాదు కూడా. మొదట స్టేషన్లో అప్పజెప్పాం. అక్కడి నుంచి అనుమతి కాగితం తీసుకుని, ఒక కానిస్టేబుల్ వెంట రాగా, ఈ షాపుకు చేర్చాం. అప్పటినుంచి అక్కడే ఉంది.

షాపు చూస్తే మీకు ఏమీ అనిపించదు. కింద ఎయిర్ గన్నుల కౌంటరు, అద్దాల్లో బైనాక్యులర్లు, కత్తులు పెట్టుకునే తోలు ఒరలు. సెలవుల్లో పిల్లలను తీసుకొచ్చిన తండ్రులతో ఆ కౌంటరు కిటకిటలాడుతుంది. మనం పోవాల్సింది వెనక మెట్లెక్కి పైకి. ఇనప తలుపు, దాని వెనక ఇంకో ఇనప తలుపు. గది మొత్తం మెషీన్ నూనె వాసన. గోడల పొడవునా చెక్క స్టాండ్లు, ఒక్కో తుపాకీ మెడకు ఒక్కో బిళ్ల. నెలకు మూడు వందలు, ఏడాదికి ఒకేసారి కట్టాలి. ఆ డబ్బులోనే వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి గొట్టాలు బ్రష్షు పెట్టి తుడిచి నూనె పూస్తారు. మా స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ కూడా "ఇక్కడ మాల్‌ఖానాలో ఎవరు నూనె పూస్తారు టీచరమ్మా, డీలర్ దగ్గర పెట్టుకోండి" అనే చెప్పాడు.

కానీ నాలుగు స్టార్లు నూనెకు కాదు. మొదటిరోజు పైగదిలో బల్ల మీద జరిగిన పనికి.

అక్కడ మరమ్మతులు చేసే పెద్దాయన ఒకరున్నారు. అందరూ చాచా అంటారు, నేనూ అదే అన్నాను. తుపాకీ అందుకోగానే మధ్యకు మడిచి, రెండు గొట్టాలూ ఖాళీ అని ముందు నాకు చూపించి, తర్వాత తను చూసుకున్నారు. గొట్టాల కింద ఎడమచేత్తో పట్టుకునే ముందు కట్టె ఉంటుంది కదా, దాన్ని బొటనవేలితో నొక్కి ఒక్క గుంజు గుంజితే ఊడి వచ్చింది. గొట్టాలు విడివడ్డాయి. అది అట్లా మూడు ముక్కలవుతుందని ఇన్నేళ్లలో నాకు తెలియదు. తెల్లబట్ట మీద మూడింటినీ పరిచి, కిరసనాయిల్లో ముంచిన పళ్ల బ్రష్షుతో తోమారు. జిడ్డు పోయాక సుద్ద రాసి, గుడ్డతో పైపైన తుడిచారు. అప్పటిదాకా కనబడని అంకెలు తెల్లగా పైకి లేచాయి. ట్రిగ్గర్ గార్డు ఇనుము మీద ఒకసారి, గొట్టాల కింద చదునుగా ఉన్న చోట ఒకసారి, ముందు కట్టె లోపల దాగి ఉన్న ఇనప ముక్క మీద ఒకసారి. మూడుచోట్లా ఒకటే నంబరు. గొట్టాల కింద ఇంకా ఏవో ముద్రలు. కిరీటం, దాని కింద బీపీ. ఇంకో కిరీటం, బీవీ. ఇంకోటి, ఎన్‌పీ. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలట. 1813లో పెట్టిన పరీక్షా కేంద్రం అది. తుపాకీని ఎక్కువ మందుతో పేల్చి చూసి, పగలకపోతే ముద్ర కొడతారు. వజ్రం ఆకారం గీసి అందులో 12 అని బోరు. పన్నెండు అంటే ఏంటని అడిగాను, టీచర్ని కదా. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం అంత లావు. ఆ లెక్క నాకు భలే నచ్చింది. తొమ్మిదో తరగతికి గోళం ఘనపరిమాణం చెప్పేటప్పుడు వాడుకుంటున్నాను.

తర్వాత ఓనర్ నా దగ్గరున్న నాయిన లైసెన్సు పుస్తకం తెరిచారు. ఒక్కో అంకె పైకి చదువుతూ రిజిస్టర్లో రాస్తున్న మనిషి రెండో అంకె దగ్గర ఆగిపోయారు. పుస్తకంలో 7. ఇనుము మీద 1. పాతకాలపు అచ్చులో ఒకటికి పైన చిన్న తోక ఉంటుంది, అది చూసి ఎప్పుడో ఎవరో గుమాస్తా ఏడు అనుకుని రాశాడు. ఆ తర్వాత రెన్యువల్ అయిన ప్రతిసారీ పాత పుస్తకం చూసి కొత్త పుస్తకంలో ఎక్కించారు తప్ప, తుపాకీ తిప్పి చూసినవాళ్లు లేరు. నాయిన జీవితమంతా వేరే నంబరుకే ఫీజు కట్టాడు.

"తుపాకీ మీదే టీచరమ్మా, అనుమానం లేదు. కానీ రేపు దీన్ని ఎక్కడైనా పట్టుకుంటే ఈ పుస్తకం మిమ్మల్ని కాపాడదు" అన్నారు ఓనర్.

చాచా బండి చాసిస్ నంబరుకు చేసినట్టే పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది మూడుచోట్ల అచ్చు తీశారు. ఓనర్ దాన్ని తన లెటర్‌హెడ్ మీద అతికించి, ముద్రల వివరం రాసి, సంతకం చేసి ఇచ్చారు. అది జతపరిచి, అఫిడవిట్ పెట్టి, నా లైసెన్సులో సరైన నంబరు రాయించుకున్నాను. ఈ పనికి ఆయన పైసా తీసుకోలేదు. ఆయుధాల చట్టం 8వ సెక్షన్లో ఒక మెలిక ఉందని కూడా ఆయనే చెప్పారు. తుపాకీ మీది గుర్తునో నంబరునో చెరిపేయడం, మార్చడం నేరం. ఎవరి దగ్గరైనా అట్లాంటి తుపాకీ దొరికితే, కాదని రుజువు చేసుకోనంతవరకూ చెరిపింది వాళ్లేనని అనుకుంటారు.

ఆ కాగితం విలువ ఒక ఎండాకాలంలో తెలిసింది. మాకు దగ్గర్లోని ఒక పాడుబడ్డ బావిలో నీళ్లడుగంటితే, గొర్ల కాపరులకు యూరియా సంచి మూట కనిపించింది. విప్పితే రెండు తుపాకులు. ఒకటి డబుల్ బ్యారెల్, ఒకటి సింగిల్ బ్యారెల్, రెండూ 12 బోర్లే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఎంతో దూరం లేదు కాబట్టి పోలీసులతో పాటు ఫారెస్టువాళ్లూ వచ్చారు. ఊళ్లో ఎవరి కథ వాళ్లది. వేటగాళ్లవి అన్నారు కొందరు. "అన్నలవి" అన్నారు ఇంకొందరు. ఫలానా వాళ్ల ముసలాయనది, పిల్లలు భయపడి పారేశారు అని గుసగుస. పంచనామా చేసి, సీలు వేసి, గుర్తుతెలియని వ్యక్తుల మీద కేసు కట్టి, రెండింటినీ రెడ్ హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబుకు పంపారు. ఆ తర్వాత చుట్టుపక్కల మండలాల్లో 12 బోర్ లైసెన్సున్న ప్రతి ఇంటికీ ఎస్ఐ తిరగడం మొదలుపెట్టారు.

నా కోసం స్కూలుకే వచ్చారు. స్టాఫ్‌రూమ్‌లో సోషల్ సార్ చేతిలో టీ గ్లాసు అట్లాగే ఆగిపోయింది.

"మేడం, మీ పేరు మీద ఒక డబుల్ బ్యారెల్ ఉంది కదా, అదెక్కడుంది?"

ఫోన్లో షాపు రశీదు, పెన్సిల్ అచ్చు, సవరించిన లైసెన్సు పేజీ చూపించాను. ఆయన అక్కడే కూర్చుని షాపుకు ఫోన్ చేశారు. ఓనర్ రిజిస్టర్ తీసి పేజీ, వరుస నంబరు, పెట్టిన తేదీ, చివరిసారి నూనె పూసిన తేదీ చెప్పారు. మర్నాడు ఒక కానిస్టేబుల్ పోయి కళ్లారా చూసి వచ్చాడు. నా వంతు అంతటితో అయిపోయింది. మా ఊళ్లో ఇంకొకాయనకు కాగితాలు దొరక్క స్టేషన్ చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఆయన తుపాకీ ఇంట్లోనే ఉంది, కానీ పుస్తకంలో రాసిన నంబరుకూ దాని మీదున్న నంబరుకూ పొంతన లేదు. మా కథే.

ఎస్ఐ కుర్రవాడు, ఇంజనీరింగ్ చదివి వచ్చాడట. తర్వాత ఒకసారి కలిసినప్పుడు, నంబర్ల మీద నా ఆసక్తి చూసి కాస్త విడమరిచి చెప్పాడు. రైఫిల్ గొట్టం లోపల మెలితిరిగిన గాళ్లు ఉంటాయి, బుల్లెట్ మీద వాటి గీతలు పడతాయి, ఆ గీతలు పట్టుకుని ఏ తుపాకీ నుంచి వచ్చిందో చెప్పొచ్చు. మా డబుల్ బ్యారెల్ లాంటి షాట్‌గన్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది, బయటికి వచ్చేవి ఛర్రాలు, అంటే చిన్న చిన్న గుండ్లు. వాటి మీద ఏ ఆనవాలూ ఉండదు. పేల్చాక మిగిలిన తూటా డొప్ప దొరికితే దాని వెనక పిన్ను కొట్టిన గుర్తు పనికొస్తుంది. బావిలో డొప్పలు ఎక్కడివి?

ఇక మిగిలింది నంబరు. అది కూడా అనుకున్నంత సులువు కాదు. ప్రతి కంపెనీ తన లెక్క తాను మొదలుపెట్టుకుంది, కాబట్టి ఒకే నంబరు బర్మింగ్‌హామ్ తుపాకీ మీదా ఉండొచ్చు, బీహార్‌లోని ముంగేర్ తుపాకీ మీదా ఉండొచ్చు. కంపెనీ, రకం, బోరు, నంబరు అన్నీ కలిస్తేనే ఒక తుపాకీ. మా పిల్లలకు క్రమయుగ్మం చెప్పేటప్పుడు రెండో నిరూపకం లేకుండా బిందువు దొరకదని చెప్తాం, ఇక్కడ నాలుగు కావాలి. పాత లైసెన్సుల్లో కంపెనీ పేరే ఉండదు, "డీబీబీఎల్ 12 బోర్" (డీబీబీఎల్ అంటే డబుల్ బ్యారెల్ తుపాకీ) అని రాసి వదిలేస్తారు. దేశమంతటికీ కలిపి పెట్టిన కంప్యూటర్ జాబితాలో యూఐఎన్ అని ఒక గుర్తింపు నంబరు ఇస్తారు, అది లేకపోతే లైసెన్సు చెల్లదు. కానీ అది లైసెన్సు ఉన్న మనిషి నంబరు. బావిలో దొరికిన ఇనుము నుంచి వెనక్కి మనిషి దగ్గరికి రావాలంటే ఆ జాబితాలో తుపాకీ వివరం తప్పుల్లేకుండా ఎక్కి ఉండాలి. అసలు కంప్యూటర్ రాకముందే చేతులు మారిన తుపాకీ అయితే ఆ జాబితాలో వెతికి లాభం లేదు.

పైగా మావైపు ఫైళ్ల కథ వేరే. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ముప్పై మూడు. ఊరు ఉన్నచోటే ఉంది, ఫైలు మాత్రం ఊరేగింది. దానికి ముందు ఇంకో కాలం ఉంది. నల్లమలలో నక్సల్స్ తిరిగిన రోజుల్లో రాత్రిపూట వచ్చి లైసెన్సు తుపాకులు పట్టుకుపోయేవాళ్లు. ఆ భయానికి చాలామంది ముందే స్టేషన్లో అప్పజెప్పారు. కొందరు పోయిందని కేసు పెట్టారు, కొందరు నోరు విప్పలేదు. 2019 సవరణతో ఒక్కొక్కరి దగ్గర మూడు ఉండొచ్చన్నది రెండుకు తగ్గింది, మూడోది 2020 డిసెంబరు 13 లోపు అప్పజెప్పాలన్నారు. కొవిడ్ ఏడాది అది. అందరికీ ఆ వార్త చేరిందా అంటే నాకు అనుమానమే.

మళ్లీ షాపు దగ్గరికి వస్తాను, ఎందుకంటే అసలు ముచ్చట ఇక్కడుంది. కానిస్టేబుల్ మా తుపాకీ చూడటానికి పోయినప్పుడు, తన ఫోన్లో ఉన్న బావి తుపాకుల ఫొటోలు చాచాకు చూపించాడట. డబుల్ బ్యారెల్ ట్రిగ్గర్ గార్డు మీద ఎవరో ఆకురాయి పెట్టి నంబరు రాకేశారు. గొట్టాల కిందా అంతే. చాచా ఒకటే అడిగారు: "ముందు కట్టె ఊడదీశారా?" ఊడదీయలేదు. నీళ్లలో నాని కట్టె ఉబ్బి బిగుసుకుపోయింది. ల్యాబులో దాన్ని విప్పితే లోపలి ఇనుము మీద నంబరు చెక్కుచెదరకుండా ఉంది. రాకినవాడికి అక్కడ కూడా ఉంటుందని తెలియదన్నమాట.

రాకేసిన నంబరును కూడా ల్యాబులో తిరిగి తెప్పించే పద్ధతి ఉంది. అంకె అచ్చు కొట్టినప్పుడు దాని కింద ఉన్న లోహం కూడా నొక్కుకుపోతుంది. పైపొర రాకేసినా ఆ నొక్కుడు లోపల మిగులుతుంది. నున్నగా రుద్ది, రాగి లవణం కలిపిన యాసిడ్ పూస్తే నొక్కుకుపోయిన చోటుకూ మామూలు చోటుకూ తేడా వచ్చి అంకె లీలగా కనిపిస్తుంది. లోతుగా రాకినా, తుప్పు తినేసినా ఇక ఏమీ రాదు. బావిలో ఎన్నేళ్లు ఉన్నదో గానీ గార్డు మీద ఏమీ రాలేదట. కట్టె దాచిన నంబరే దిక్కయింది.

ఆ నంబరుతో ఓనర్ తన పాత రిజిస్టర్లు తిరగేశారు. తూటాలు కొన్నా, మరమ్మతుకు ఇచ్చినా ఆ షాపులో లైసెన్సు వివరంతో పాటు తుపాకీ నంబరు రాసుకునే అలవాటు వాళ్ల నాన్నగారి కాలం నుంచీ ఉంది. ఎర్ర బట్ట అట్టల పెద్ద పుస్తకాలు, నేను చూశాను. ఒకదాంట్లో ఉర్దూలోనూ ఇంగ్లిషులోనూ కలిపి రాసిన వరుసలో, స్ప్రింగు మార్చినందుకు కట్టిన డబ్బుతో సహా ఆ నంబరు దొరికింది. యజమాని పోయి చాలాకాలమైంది. తొంభైల్లో ఒక రాత్రి తుపాకీ పట్టుకుపోయారని ఆ ఇంటివాళ్లు చెప్పారు. అక్కడినుంచి బావిదాకా అది ఎవరి చేతుల్లో ఉందో, మూట కట్టి వేసిందెవరో ఇప్పటికీ తేలలేదు. సింగిల్ బ్యారెల్‌కు ఆ మాత్రం ఆధారం కూడా లేదు. ఏ ప్రూఫ్ ముద్రా లేదు, నంబరు ఎక్కడా లేదు. ఫ్యాక్టరీ తుపాకీని చూసి ఎవరో చేసిన నాటు సరుకు అని చాచా ఫొటోలోనే చెప్పేశారు.

ఓనర్‌కు తన రిజిస్టర్ల మీద గర్వం బాగానే ఉంది. మనం కూర్చుంటే 1914 కలకత్తా కథ చెప్తారు. ఆగస్టు 26న రొడ్డా అనే తుపాకుల కంపెనీకి వచ్చిన సరుకులోంచి విప్లవకారులు 50 మౌజర్ పిస్టళ్లు, 46 వేల తూటాలు దారి మళ్లించారు. ప్రతి పిస్టల్ నంబరూ కంపెనీ కాగితాల్లో ఉంది. అందుకే తర్వాత బెంగాల్లో ఎక్కడ ఒకటి దొరికినా ఇది ఆ యాభైలోదే అని బ్రిటిష్ పోలీసులకు తెలిసిపోయేది. 1918 నాటికి 31 తిరిగి దొరికాయి. వినడానికి బాగుంటుంది. కానీ వెనక నలుగురు క్యూలో ఉన్నప్పుడు కూడా ఆయన పూర్తిగా చెప్పే ఆపుతారు, అది గుర్తుపెట్టుకుని పొండి.

ఇదంతా తమ్ముడికి చెప్తే, అమెరికాలో ఇంత కష్టం ఉండదనుకున్నాడు, తీరా చదివి చూసి వాడే ఆశ్చర్యపోయాడు. అక్కడ వెస్ట్ వర్జీనియాలో మార్టిన్స్‌బర్గ్ అనే ఊళ్లో ఒక ప్రభుత్వ కేంద్రం దేశమంతటి తుపాకుల ఆరా తీస్తుంది. కానీ తుపాకుల యజమానుల జాబితా కంప్యూటర్లో పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. 1986 చట్టంలో ఆ అడ్డు ఉంది. కాబట్టి కంపెనీకి ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన హోల్‌సేలర్‌కు ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన షాపుకు ఫోన్ చేసి మొదట కొన్న మనిషి దాకా వెళ్తారు. మూతబడ్డ షాపుల కాగితాలు పెట్టెల కొద్దీ అక్కడికే వస్తాయి. 1968కి ముందు చేసిన షాట్‌గన్నుల్లో చాలావాటికి అసలు నంబరే లేదు, అప్పటిదాకా వెయ్యాలన్న రూలే లేదు. "మన చాచా నయం అక్కా" అన్నాడు.

ఇక షాపుతో నాకున్న పేచీలు. పార్కింగ్ లేదు, అబిడ్స్ సంగతి తెలిసిందే. మెట్లు నిటారుగా ఉంటాయి, అమ్మను ఒకసారి తీసుకుపోయి పైకి ఎక్కించలేక కింద ఎయిర్ గన్నుల మధ్య కూర్చోబెట్టాను. ఫోన్ పే తీసుకోరు. శుక్రవారం మధ్యాహ్నం పోతే నమాజు అయ్యేదాకా ఇనప తలుపు తెరవరు. కౌంటరులో ఉండే కుర్రాడు ప్రతిసారీ "పాతది కదా మేడం, ఇచ్చేయండి, కొత్త పంప్ యాక్షన్ తీసుకోండి" అంటాడు. మా తుపాకీకి వాడు చెప్పిన రేటు వింటే అమ్మ చీపురు తీసేది. లైసెన్సులు దొరకడం కష్టమై కొనేవాళ్లు తగ్గారు కాబట్టి పాత డబుల్ బ్యారెల్స్‌కు ధర లేదన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ అమ్మనన్నాక ఊరుకోవాలి కదా.

ఎన్నికలప్పుడు మాత్రం ముందే తెలుసుకుని పొండి. కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు అప్పజెప్పమంటారు, స్టేషన్లో వద్దనుకున్నవాళ్లంతా ఇట్లాంటి షాపులకు పరిగెడతారు. 2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికలకు పైగదిలో అడుగుపెట్టే చోటు లేదు. ఆ నెలల్లో కొత్తవాటికి నంబరు చూసే పని హడావిడిగా అయిపోతుంది, చాచాకు తోమి సుద్ద రాసే తీరిక ఉండదు. మాది ముందే అక్కడుంది కాబట్టి నేను స్టేషన్‌కు రశీదు జిరాక్సు పంపి ఊరుకున్నాను, 2024 మేలో పార్లమెంటు ఎన్నికలకూ అదే చేశాను.

పోయేటప్పుడు లైసెన్సు పుస్తకం అసలుది, ఆధార్, స్టేషన్ కాగితం తీసుకుపోండి. మిగిలిన తూటాలుంటే వాటికి వేరే పద్దు రాయించుకోండి, తుపాకీ రశీదులో కలిపేస్తే తర్వాత లెక్క తేలదు. ముందు కట్టె ఊడదీసి నంబరు చూడమని మీరే అడగండి, కౌంటరు కుర్రాడు తనంతట తాను చేయడు, చాచా ఉన్నప్పుడే చేయించుకోవాలి. ఐదో స్టారు ఎందుకు ఆపానంటే రశీదు ఇప్పటికీ కార్బన్ పేపరు మీద చేతిరాతే. నా మొదటి రశీదులో ఆ రెండో అంకె ఒకటా ఏడా అని ఎస్ఐ కూడా కళ్లు చికిలించి చూశాడు. టైపు చేసి ఇవ్వమని ఓనర్‌కు చెప్పి వచ్చాను, ప్రింటర్ కొంటానన్నారు, ఇంకా కొనలేదు.